ఇద్దరూ ఒకే బస్సులో రండి

చిట్టి తల్లీ,

మిరియాలు ఎండాయి. రాగిపిండి, పసుపు చింతపల్లి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. డబ్బా మూత గట్టిగా పెట్టు, పోయినసారి పురుగు పట్టించావు. పసుపు పాలలో వేసుకుని తాగు. ఆ రోజు ఫోనులో నీ దగ్గు విన్నాక మీ అమ్మకు నిద్ర లేదు.

నువ్వూ అన్నా మాట్లాడుకోవడం లేదని గంగమ్మత్త అంది. నేను నమ్మలేదు. సరే, ఆ సంగతి వదిలేయ్.

నిన్న పెరట్లో కూర్చుంటే మీ ముత్తాత గుర్తొచ్చారు. మా నాన్న చెప్పేవారు, ఒకప్పుడు ముఠాదారు, అంటే కొన్ని కొండ ఊళ్లు కలిసిన ముఠాకు పెద్ద, మనవాడేనట. పండుగకు ముందు నిలబడేవాడు, తగవు వస్తే తీర్చేవాడు. 1882 అడవి చట్టంతో పోడు కొట్టడం నేరమైంది. తెల్లదొరలు శిస్తు వసూలు ముఠాదారు నెత్తిన పెట్టి, ఊళ్లో ఎవరేం చేస్తున్నారో చెప్పమన్నారు. చెప్పకపోతే ముఠా పోతుంది. ఇక అతను వస్తుంటే ఆడవాళ్లు జీలుగు కల్లు కుండలు దాచేవాళ్లట, దానిమీదా పన్నే కదా!

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజుగారు చింతపల్లి ఠాణా మీద పడి తుపాకులు తీసుకున్నారు. మీ ముత్తాతకు అప్పుడు ఇరవై దాటలేదు, ఫితూరీవాళ్లకు, అంటే దొరల మీద తిరగబడ్డవాళ్లకు, అంబలి మోశారు. ఆయన తమ్ముడేమో వాళ్లను పట్టుకోవడానికి దొరలు దింపిన మలబారు పోలీసులకు దారి చూపించారు. తుపాకీ చూపి అడిగారా, రూపాయలిచ్చారా? మా నాన్న ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవారు. 1924 మేలో రాజుగారు పోయారు, పోలీసులూ వెళ్లిపోయారు. మన పెరట్లో మాత్రం దడి లేచింది. ఇటుకల పండుగకు వేటమాంసం ఊరంతా పంచుకుంటే, ఈ ఇంటి చేత్తో ఇచ్చిన వాటా ఆ ఇల్లు ముట్టేది కాదు. తమ్ముడు పోతే అన్న పాడె మోయలేదు. ఆ రాత్రి ఒక్కరే లేచి దడి పీకి పొయ్యిలో పెట్టారట. అప్పుడు పీకి ఏం లాభం?

ఎకరమున్నర కాఫీ తోట, అంతేగా. దానికోసమేనా మూడు నెలలుగా ఒకే నగరంలో ఉండి మొహాలు చూసుకోనిది? దడి కట్టడానికి మనకిప్పుడు దొరలు కూడా అక్కర్లేదన్నమాట. పాఠం చెబుతున్నాననుకోకు. అనుకుంటే అనుకో.

ఇటుకల పండుగకు ఇద్దరూ ఒకే బస్సులో రండి. వాడి టికెట్టు కూడా నువ్వే తీసుకో, వాడికి మరుపు. ఘాట్ రోడ్డులో నీకు వాంతులు కదా, నిమ్మకాయ దగ్గర పెట్టుకో. కిటికీ పక్క సీటు వాడు నీకే ఇస్తాడు.

నాన్న