ఎన్ని గంటలు చదివారని కాదు, పుస్తకం మూసి అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారములు.

పరీక్షా ఫలితాలు వెలువడిన ప్రతిసారీ మీ విద్యా పేజీలో ర్యాంకులు సాధించినవారి ముఖాముఖీలు వస్తుంటాయి. వాటిలో తప్పకుండా కనిపించే ప్రశ్న, రోజుకు ఎన్ని గంటలు చదివారన్నది. పన్నెండని ఒకరు, పద్నాలుగని మరొకరు చెబుతారు; మర్నాటికి ఆ అంకె ఇంటింటా పిల్లల నెత్తిన పడుతుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పినవాడిగా నేను గమనించిందేమంటే, ఒకే బెంచీ మీద కూర్చుని అన్నే గంటలు చదివిన ఇద్దరిలో ఒకరికి పాఠం నిలిచి మరొకరికి నిలవకపోవడానికి కారణం చాలాసార్లు తెలివితేటల్లో కాక చదివే అలవాటులో ఉంటుంది.

మా మనవడు ఇంటర్ మొదటి సంవత్సరం. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు వాడి భౌతికశాస్త్రం పుస్తకం తిరగేశాను. పసుపు, ఆకుపచ్చ గీతలు గీయని పేజీ లేదు. ఆ అధ్యాయం నాలుగుసార్లు చదివానన్నాడు. పుస్తకం మూయించి, ప్రక్షేపకం, అంటే ఏటవాలుగా విసిరిన వస్తువు, పోయే పథం పరావలయమనే వంపు గీత అని నిరూపించమన్నాను. బొమ్మ చక్కగా వేశాడు, వేగాన్ని అడ్డంగా, నిలువుగా విడగొట్టాడు, రెండు సమీకరణాల నుంచి కాలాన్ని తొలగించవలసిన చోట ఆగిపోయాడు. "చూస్తే వచ్చేస్తుంది తాతయ్యా" అన్నాడు. చూస్తే ఎవరికైనా వస్తుంది. కళ్లకు అలవాటైన పేజీని వాడు వచ్చిన పాఠమని పొరబడ్డాడు, చిక్కంతా అక్కడే.

ఈ పొరపాటును అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో అంకెలతో సహా చూపించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతలూ చూడకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవారిదే పైచేయి: వారికి 83 శాతం, రాసినవారికి 71 శాతం గుర్తుంది. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవారికి 40 శాతమే మిగిలితే, రాసినవారికి 61 శాతం నిలిచింది. విశేషమేమంటే, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమా చూపినవారు నాలుగుసార్లు చదివినవారే.

మనకు ఇది కొత్త సంగతి కాదు. దీనికి మన ఇళ్లలో 'అప్పజెప్పడం' అనే మాట ఉండేది. దీపాలు పెట్టే వేళ అరుగు మీద కూర్చోబెట్టి మా నాన్నగారు ఎక్కాలు అప్పజెప్పించుకునేవారు, వరసగా చెబుతూ పోతుంటే ఆపి, ఉన్నట్టుండి "పదమూడు ఎనిమిదులు?" అనేవారు. వరసలో అయితే ఆ రాగానికి నోరే చెప్పేస్తుంది, వరస తప్పిస్తే మనసు వెతుక్కోక తప్పదు. బట్టీ చదువులను తెగనాడే ఊపులో మనం అప్పజెప్పడాన్నీ బట్టీ కింద జమకట్టి వదిలేశాం. అర్థం తెలియకుండా వల్లె వేయడం వేరు, అర్థమైనదాన్ని చూడకుండా తిరిగి చెప్పడం వేరు. అష్టావధానంలో పద్యాన్ని ఒక్క బిగిని పూర్తిచేయరు. ఆవృత్తికో (ఒక్కో చుట్టుకో) పాదం చొప్పున చెప్పి, మధ్యలో ప్రశ్నలు వేసే మిగతా పృచ్ఛకులనూ అప్రస్తుత ప్రసంగి కొంటె ప్రశ్నలనూ దాటి వచ్చి, వదిలిన చోటు నుంచి అందుకుంటారు. చివర ధారణలో అన్నీ అప్పజెబుతారు. దాన్ని మనం వరమని చప్పట్లు కొట్టి ఊరుకుంటాం గాని, విడతలు విడతలుగా గుర్తు చేసుకునే సాధన అందులో ఎంత ఉందో చూడం.

విడతల మధ్య ఎడం కూడా ముఖ్యమే. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, మరపు తొలి గంటల్లోనే ఎక్కువగా ఉండి తర్వాత నెమ్మదిస్తుందని 1885లోనే ప్రకటించాడు. అందుకే నా తరగతిలో మొదటి అయిదు నిమిషాలు నోటుపుస్తకాలు తెరవనిచ్చేవాణ్ని కాదు. నిన్నటి లెక్క ఒకటి, కిందటి వారానిది ఒకటి తెల్లకాగితం మీద చేయాలి, మార్కులు ఉండవు. మొదట గొణిగినవారే దసరా నాటికి ప్రశ్నలు తామే తయారుచేసి పక్కవాడిని అడిగేవారు. నేటి వసతి కళాశాలల్లో తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్లలో ఈ పనికి పావుగంట కూడా దొరకడం లేదు. తల వంచుకుని కూర్చుంటే చదువుతున్నట్టే లెక్క.

కనుక మీకు రెండు విన్నపాలు. విజేతలను ఎన్ని గంటలు చదివారని కాక, మరచిపోయినవి ఎలా పట్టుకునేవారో అడగండి. మీ విద్యా పేజీలోని ప్రశ్నలకు జవాబులు అదే రోజు అడుగున తలకిందులుగా అచ్చువేయకుండా వారం ఆగి ఇవ్వండి. తలకిందుల అక్షరాలు చదవడంలో మా మనవడు ఇప్పటికే ఆరితేరాడు.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
తెనాలి