చండీగఢ్ కాపిటల్ కాంప్లెక్స్‌లో నడిచే హక్కు ఇప్పించండి: కేంద్ర సాంస్కృతిక, పర్యాటక శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారములు.

చండీగఢ్‌లో ప్రఖ్యాత స్విస్-ఫ్రెంచ్ ఆర్కిటెక్టు లె కార్బూజియే రూపొందించిన భవనాలను చూడాలని దేశం నలుమూలల నుంచి వెళ్లే సందర్శకుల తరఫున ఒక విన్నపం చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను. హైకోర్టు, శాసనసభ, సచివాలయం ఉన్న కాపిటల్ కాంప్లెక్స్‌లో, హైకోర్టుకూ శాసనసభకూ నడుమ ఉన్న విశాలమైన కాంక్రీటు ప్రాంగణంలో, కనీసం కోర్టుకూ సచివాలయానికీ సెలవు ఉన్న రోజుల్లోనైనా, ప్రజలు ఆ కొస నుంచి ఈ కొస వరకు స్వేచ్ఛగా నడిచే ఏర్పాటు చేయించండి. అడుగుతున్నది ఇంతే. అయితే ఇంత చిన్న విషయం దేశ మంత్రి దాకా ఎందుకు తీసుకురావలసి వస్తోందో కొంచెం వివరంగా చెప్పాలి.

దేశ విభజనలో లాహోర్‌ను పోగొట్టుకున్న పంజాబ్‌కు కొత్త రాజధానిగా పుట్టిన నగరం చండీగఢ్. రాజధాని చేజారడం అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు కనుక ఆ నగరం కథ మాకు పరాయిదిగా అనిపించదు. మొదట ప్రణాళిక తయారుచేసిన ఆల్బర్ట్ మేయర్‌కు తోడుగా ఉన్న మాథ్యూ నొవిట్స్కీ 1950లో విమాన ప్రమాదంలో మరణించడంతో, 1951లో ఆ బాధ్యత లె కార్బూజియే చేతికి వచ్చింది. సెక్టార్ల ఏర్పాటు, రహదారుల తీరు అన్నీ ఆయన దిద్దినవే అయినా, ఆయన ప్రాణం పెట్టి చేసింది మాత్రం నగరానికి ఉత్తరాన, శివాలిక్ కొండలకు ఎదురుగా నిలిచిన కాపిటల్ కాంప్లెక్స్. 2016లో యునెస్కో ఏడు దేశాల్లోని ఆయన 17 నిర్మాణాలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, మన దేశం నుంచి ఆ గౌరవం దక్కింది దీనికే.

ఈ ప్రాంగణాన్ని ఆయన నడిచే మనిషి కోసం గీశారు. వాహనాల దారులను నేలమట్టం కంటే కిందికి తవ్వించి, పైనున్న సమతలాన్నంతా పాదచారులకు వదిలిపెట్టారు. తవ్విన మట్టిని చిన్నచిన్న దిబ్బలుగా పోయించి, వెనకనున్న నగరం కంటికి అడ్డు రాకుండా చేశారు. హైకోర్టునూ శాసనసభనూ ఎదురెదురుగా, మధ్యలో 400 మీటర్లకు పైగా ఖాళీ ఉంచి నిలబెట్టారు. ఆ ఖాళీని దండగ అనుకునేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నా దృష్టిలో మాత్రం ఆ మొత్తం నిర్మాణానికి ఆయువుపట్టు అదే. దూరం నుంచి చూసినప్పుడు శాసనసభ ఎదుట ఎద్దు కొమ్ముల్లా పైకి విచ్చుకున్న వసారా కప్పు, దాని వెనక సభామందిరం మీద లేచిన గోపురం మాత్రమే కనబడతాయి. నాలుగడుగులు వేసేసరికి వాటి నీడ ముందున్న నీటి మడుగులో కనిపిస్తుంది. ఇంకా దగ్గరికి వెళితే కాంక్రీటు మీద చెక్క పలకల గీతలు, మేకుల గుర్తులు, అచ్చులు పెట్టి పోసిన చేప, పాము, సూర్యుడి బొమ్మలు తేలతాయి. లె కార్బూజియే స్వయంగా బొమ్మలు వేసిన ఎనామిల్ తలుపు మీద సూర్యగమనం, చెట్లు, జంతువులు ఉన్నాయి. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి, నడక వేగంతో, మనిషికి అందాలన్నది ఆయన ఉద్దేశం.

ఇప్పుడు అక్కడ జరుగుతున్నది వేరు. గుర్తింపు కార్డు చూపి, నిర్ణీత వేళకు బయలుదేరే బృందంలో చేరి, గైడ్ వెంట వెళ్లి, అనుమతించిన చోట్ల ఆగి, బృందంతోనే తిరిగి రావాలి. ప్రాంగణం మధ్యలో భద్రతా కంచెలు ఉన్నాయి. ఎండనూ నీడనూ లెక్కగట్టి కట్టిన చోటును ఒకే గంటలో చూసి వచ్చేస్తే తెలిసేది తక్కువ. ఎండ ఏ దిక్కు నుంచి వచ్చినా దాన్ని కాంక్రీటు పలకలతో అదుపు చేయవచ్చని చూపడానికే రూపొందించిన 'నీడల గోపురం' దగ్గర ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు నిలబడే అవకాశం లేకపోతే, అది సందర్శకుడికి ఒక ఖాళీ కట్టడంగానే మిగిలిపోతుంది.

భద్రత అక్కర్లేని విషయమని నేను అనడం లేదు. 1995 ఆగస్టు 31న సచివాలయం ఎదుటే బాంబు దాడిలో అప్పటి పంజాబ్ ముఖ్యమంత్రి బియాంత్ సింగ్ ప్రాణాలు కోల్పోయారు. ఆ గాయం తర్వాత వచ్చిన జాగ్రత్తలను తప్పుపట్టేవారు ఉండరు. కానీ దేశ ప్రథమ పౌరుడి నివాసమైన రాష్ట్రపతి భవన్‌నే ముందస్తు నమోదుతో, తనిఖీలతో ప్రజలకు చూపిస్తున్నప్పుడు, సభ, కోర్టు, కార్యాలయాలు మూసి ఉన్న రోజున, భవనాల లోపలికి కాదు, వాటి ముందున్న ఆరుబయట నడవడానికి అదే పద్ధతి ఎందుకు చాలదు? ప్రవేశం దగ్గర తనిఖీ చేయండి, సంఖ్యకు పరిమితి పెట్టండి, భవనాల గుమ్మాల దగ్గర కాపలా ఉంచండి. మధ్యలో మాత్రం మనిషిని నడవనివ్వండి.

చిక్కు ఎక్కడుందంటే, 1966 తర్వాత ఆ సచివాలయం, శాసనసభా భవనం పంజాబ్, హర్యానాల ఉమ్మడి ఆస్తులయ్యాయి, హైకోర్టు ఉమ్మడిదే, నగరం కేంద్రపాలిత ప్రాంతం. ఒకరు సరే అన్నా మరొకరి అనుమతి కావాలి. అందువల్లనే ఈ విన్నపం మీకు చేస్తున్నాను. ఈ నగర వారసత్వం కోసం కేంద్రం ముందుకు రావడం కొత్తేమీ కాదు. లె కార్బూజియేతో కలిసి ఈ నగరానికి పనిచేసిన ఆర్కిటెక్టు పియరీ జన్నరె కాలం నాటి కుర్చీలు, బల్లలు విదేశీ వేలంపాటలకు తరలిపోతున్నప్పుడు 2011లో కేంద్ర హోం శాఖే కలగజేసుకుని వాటి అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. కుర్చీల విషయంలో చూపిన ఆ పట్టుదల ప్రాంగణం విషయంలోనూ చూపమని కోరుతున్నాను.

దీనితో పాటు ఇంకొక్క మాట. కాపిటల్ కాంప్లెక్స్ చూసినవారు సెక్టార్ 10లోని ప్రభుత్వ మ్యూజియం, సెక్టార్ 19లో ఒకప్పుడు ఆర్కిటెక్టుల కార్యాలయంగా ఉండి ఇప్పుడు లె కార్బూజియే సెంటర్‌గా మారిన భవనం, సెక్టార్ 5లో జన్నరె నివసించిన ఇల్లు, విశ్వవిద్యాలయంలో నీటి మధ్య నిలిచిన గాంధీ భవన్ కూడా చూసేలా ఒకే టికెట్టు, ఒకే పటం ఉంటే ఎంతో మేలు. నగర పటాన్ని అచ్చుపోసిన ఇనుప మ్యాన్‌హోల్ మూతల గురించి కూడా అందులో రాయించండి. వాటి మీద కాళ్లు వేసుకుంటూ వెళ్లేవారికి అవి ఏమిటో తెలియాలి. ఆ పటంలో లె కార్బూజియే పేరుతో పాటు జేన్ డ్రూ, మాక్స్‌వెల్ ఫ్రై, ఊర్మిళా యూలీ చౌధురి, ఆదిత్య ప్రకాశ్, నమూనాలు చెక్కిన రత్తన్ సింగ్ వంటివారి పేర్లు ఉండటం న్యాయం. మహానుభావుడి ఊహను మోసుకొచ్చి నేల మీద నిలబెట్టింది వాళ్లే. వివరణలు తెలుగుతో సహా భారతీయ భాషలన్నిటిలో వినిపించే ఏర్పాటు ఉంటే, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లే కుటుంబాలకు ఆ కాంక్రీటు మాట్లాడుతుంది.

ముందుగా ఒక్క చలికాలం, ఆదివారాల్లో మాత్రమే, ప్రయోగంగా ప్రాంగణాన్ని తెరిచి చూడండి. వచ్చినవారి సంఖ్యనూ భద్రతా సిబ్బంది అనుభవాన్నీ లెక్కలోకి తీసుకుని ఆ తర్వాత కొనసాగించాలో వద్దో నిర్ణయించవచ్చు. అందుకోసం రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ, హైకోర్టు ప్రతినిధులనూ, చండీగఢ్ పరిపాలకులనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, వచ్చే చలికాలానికి ముందే ఆ సమావేశం జరిపించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక తెలుగు పౌరుడు