మైకులో మాట చెవి దాకా రానివ్వండి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. సోమవారం మీరు అర్జీలు తీసుకునే హాల్లో, వినికిడి తగ్గినవాళ్ల కోసం, మైకులో మాటను బ్లూటూత్ ద్వారా నేరుగా చెవి మిషన్‌కు పంపే ఆరాకాస్ట్ ఏర్పాటు చేయించమని ఈ లేఖ రాస్తున్నాను.

మా నాయన రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుంటాడు. ఇంట్లో ఎదురుగా కూర్చుని మాట్లాడితే అంతా అర్థమవుతుంది. ఆ మధ్య పొలం పని మీద ఒక ఆఫీసుకు తీసుకెళ్లాను. పైన ఫ్యాన్ల మోత, చుట్టూ జనం. ఆఫీసరు మైకులో "పాస్‌బుక్ ఎప్పుడొచ్చింది?" అంటే, నాయన "ఎకరా పాతిక సెంట్లు సార్" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ నన్నే అడిగారు. పొలం ఆయనది, కష్టం ఆయనది. ఆయన్ని పక్కన నిలబెట్టి నేను జవాబులు చెప్పాల్సి వచ్చింది.

చెవి మిషన్ మైకు చెవి దగ్గరే ఉంటుంది. మనిషి దూరంగా ఉంటే మాట సన్నబడుతుంది, దగ్గరున్న రొద మాత్రం తగ్గదు. మిషన్ రెంటినీ కలిపే పెంచుతుంది. ఎంత ఖరీదైనది కొన్నా ఈ ఇబ్బంది పూర్తిగా పోదు.

2022లో బ్లూటూత్ ప్రమాణాలు చూసే సంస్థ ప్రకటించిన ఆరాకాస్ట్ దీనికోసం బాగా పనికొస్తుంది. హాల్లోని మైక్ సెట్టుకు చిన్న ట్రాన్స్‌మిటర్ తగిలిస్తే మాట నేరుగా చెవి మిషన్‌లోకి వస్తుంది. రేడియో స్టేషన్ పట్టుకున్నట్టే, ఆ పరిధిలో ఎంతమందైనా వినొచ్చు. బయటివాళ్లు వినకూడని మాటలైతే పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు.

పాత మిషన్లు దీన్ని అందుకోలేవు. అందుకే ట్రాన్స్‌మిటర్ ఒక్కటే పెడితే చాలదు సార్. కౌంటర్లో రిసీవర్లు, హెడ్‌ఫోన్లు ఉంచి, ఆధార్ చూసి ఇచ్చి, వెళ్లేటప్పుడు తీసుకోవాలి. టెలికాయిల్ (అయస్కాంత సంకేతాన్ని అందుకునే చిన్న తీగచుట్ట) ఉన్న మిషన్లకైతే, రిసీవర్‌కు తగిలించి మెడలో వేసుకునే లూప్ ఇవ్వొచ్చు. ఇకమీదట శిబిరాల్లో పంచే మిషన్లు ఆరాకాస్ట్ అందుకునేవి అయ్యుండాలని మీరు ప్రభుత్వానికి రాయాలి.

అర్జీల హాలు తర్వాత ఆర్టీసీ బస్టాండు, ఆపైన రొట్టెల పండగ. స్వర్ణాల చెరువు దగ్గర అంత జనంలో తప్పిపోయిన పెద్దావిడకు, మైకులో తన పేరు పిలుస్తున్నారని తెలియకపోతే ఎంత భయం!

2016 దివ్యాంగుల హక్కుల చట్టం వినికిడి లోపాన్ని కూడా గుర్తించింది. ర్యాంపు కట్టించినంత శ్రద్ధగా దీన్నీ పెట్టించండి. గుమ్మం దగ్గర చెవి బొమ్మతో తెలుగు బోర్డు ఉండాలి. రిసీవర్లకు ఛార్జింగ్ పెట్టే బాధ్యత ఒక ఉద్యోగికి పేరు పెట్టి అప్పగించాలి.

ఇట్లు,
నెల్లూరు వాసి