కాజాకి ఖాజా సాహెబుతో ఏం పని?

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో మిఠాయిల మీద వచ్చిన వ్యాసం చదివాను. బొబ్బట్ల గురించీ పూతరేకుల గురించీ బాగానే రాశారు గానీ, కాజా దగ్గరికొచ్చేసరికి ఎవరో ఖాజా అనే వంటవాడు నవాబుగారికి చేసిపెట్టాడనీ, అతని పేరే మిఠాయికి వచ్చిందనీ ఒక్క ముక్కలో తేల్చేశారు. మాది కాకినాడ. చెన్నై వచ్చి పాతికేళ్లయినా, ఊరి నుంచి సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో ఎవరు దిగినా వాళ్ల మొహం కన్నా ముందు సంచిలో కాజా డబ్బా ఉందా అని చూసే మనిషిని, ఊరుకోలేక రాస్తున్నాను.

ఖాజా అని మనుషులకి పెట్టుకునే పేరు ఫారసీ ఖ్వాజా నుంచి వచ్చింది, పెద్దమనిషి అని అర్థం. మిఠాయిది వేరే వంశం. సంస్కృతంలో ఖాద్యం అంటే తినదగినది. అదే ప్రాకృతంలో ఖజ్జ అయింది, హిందీలో ఖాజా, మన నోట్లో ఒత్తు పోయి కాజా. ‘ద్య’ కాస్తా ‘జ్జ’ అవడం వింతేమీ కాదు, వైద్యుడు తెలుగులో వెజ్జు అయ్యాడు, సంస్కృతం అద్య అజ్జగా మారి హిందీ వాళ్ల ఆజ్ అయింది. మన కజ్జికాయలో ఉన్న కజ్జం కూడా ఈ ఖాద్యానికి తద్భవమే. అంటే కాజా అన్నా, బొబ్బట్టుకి సీమలో, తెలంగాణలో ఉన్న భక్ష్యం అన్న పేరు చూసినా లోపల ఉన్న అర్థం ఒకటే, తినేది అని! ఇంతకన్నా నిజాయితీగా ఏ వంటకానికి పేరు పెడతారు చెప్పండి. పేరులో రాజసం కావాలంటే కొట్లో పక్క ట్రేలోనే బాదుషా ఉందిగా, ఆ నవాబు కథేదో దానికి చెప్పుకోవచ్చు.

ఇక్కడ చెన్నైలో ఇంకో తిరకాసుంది. మా అమ్మాయికి ఆరేడేళ్లప్పుడు టైలర్ దగ్గరికి తీసుకెళితే, ఆయన లోపలున్న కుర్రాణ్ణి "కాజా ఎడుత్తాచ్చా?" అని తమిళంలో కేకేశాడు. చొక్కాకి కాజాలు తీయడం అయిందా అని ఆయన అడిగింది. ఇది మాత్రం ఇంటికొచ్చి, ఆ అంకుల్ కాజాలన్నీ తనే తినేశాడు, మనకి పెట్టలేదు అని ఒకటే ఏడుపు. ఆ గుండీ కాజా పోర్చుగీసు మాట, వాళ్ల భాషలో కాసా అంటే ఇల్లు, గుండీ దూరే కన్నాన్ని కూడా అలాగే అంటారు. బొత్తాం కూడా వాళ్లిచ్చిందే. గుంటూరు, విజయవాడ మధ్య కాజ అనే ఊరి టోల్‌గేట్ దగ్గర కారాపి, ఇక్కడ కాజాలు ఎక్కడ బాగుంటాయండీ అని అడిగిన ఘనుడు మా బావ, ఆయన సంగతి వదిలేయండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. పేరు ఉత్తరాది నుంచి వచ్చింది కాబట్టి కాజా మనది కాదు అని కొందరు వెంటనే మొదలుపెడతారు. బీహార్‌లో నలంద దగ్గర సిలావ్ ఖాజా ఉంది, దానికి 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది, పూరీ జగన్నాథుడి ప్రసాదంలోనూ ఖాజా ఉంది, ఎవరు కాదన్నారు? కానీ అవి పొరలు పొరలుగా ఉండే కరకర సరుకు. తాపేశ్వరం మడత కాజా కాస్త వాటి చుట్టమే అనిపిస్తుంది గానీ, కాకినాడ గొట్టం కాజా తీరే వేరు. పైకి గట్టిగా, బుద్ధిగా కనిపిస్తుంది, కొరగ్గానే లోపలి పాకం చొక్కా మీదికి దూకుతుంది (మంచి చొక్కా వేసుకుని ఎవరూ తినకండి). చిట్టిపెద్ది కోటయ్య గారు 1891లో కాకినాడలో కొట్టు పెట్టి పేరు తెచ్చింది దీనికే. ఇంటిపేరు ప్రాకృతానిదైతే కావచ్చు, గొట్టం, మడత అని ముందు తగిలించినవి అచ్చంగా మన మాటలు. కాకినాడలో పుట్టినవాడు ఒట్టి కాజా అనడు, గొట్టమా మడతా అని అడిగి తీరతాడు. మీ వ్యాసంలో ఈ తేడా ఒక్క వాక్యంలో కూడా లేకపోవడమే నాకు నవాబు కథకన్నా ఎక్కువ బాధనిపించింది.

వీలైతే వచ్చే ఆదివారం చిన్న సవరణ వేయండి. ఆ ముక్క కత్తిరించి మా బావకి పంపాలి, ఆయన మీ నవాబు కథని అప్పుడే చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపేశాడు.

ఇట్లు,
ఒక కాకినాడ పాఠకుడు,
పెరంబూర్, చెన్నై