బాడుగ ఇంటి బీమా మీద 18 శాతం పన్ను: ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఆర్థిక, వాణిజ్య పన్నుల శాఖ మంత్రి శ్రీ పయ్యావుల కేశవ్ గారికి,

నమస్కారం.

మీది ఉరవకొండ. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీల్లోకి నీళ్లు ఎట్లా వచ్చాయో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిందీ మీకు తెలుసు. విపత్తు సహాయ నిధి లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000 రూపాయలు ఇస్తారు. 15 శాతం, అంతకు మించి దెబ్బతింటే 6,500. ఆ ఆరు వేల ఐదు వందలతో బురద ఎత్తి, గోడలకు సున్నం కొట్టి, కరెంటు వైరింగు మార్చుకోవడం అయ్యే పని కాదు. బాడుగ మీదే ఇల్లు గడిచే రిటైరైన ఉద్యోగికి, వితంతువుకు ఆపైన నెలనెలా వచ్చే డబ్బు కూడా ఆగిపోతుంది.

దీనికి మందు ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే ఒకే తీరు పాలసీని సాధారణ బీమా కంపెనీలు అమ్ముతున్నాయి. అగ్నిప్రమాదం, పిడుగు, వరద, తుఫాను, భూకంపం, పేలుడు, మిద్దె మీది ట్యాంకు పగిలి నీళ్లు పారడం, అన్నీ అందులో ఉన్నాయి. ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోతే, బాగుచేసుకునే కాలానికి పోయిన బాడుగ కూడా అందులోనే వస్తుంది. అయినా సొంతదారులు తీసుకోవడం లేదు. తీసుకున్నవాళ్లలోనూ చాలామంది పాలసీలు తప్పుగా రాసి ఉంటున్నాయి. ఆ కాగితాలు రాసేవాళ్లం, నష్టం జరిగాక వాటిని విప్పి చదివేవాళ్లం కాబట్టి ఈ మాట అంటున్నాం.

మొదటి తప్పు బీమా మొత్తం దగ్గరే జరుగుతుంది. స్థలంతో కలిపి ఇల్లు 50 లక్షలు పలుకుతుంది కదా అని 50 లక్షలకు రాయిస్తారు. స్థలం కాలదు, కొట్టుకుపోదు. లెక్కకు కావాల్సింది గోడల లోపలి కార్పెట్ ఏరియా, ఈరోజు కట్టడానికి అయ్యే ధర. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 1,800 ఖర్చు అనుకుంటే 18 లక్షలకు రాయాలి. ఎక్కువకు రాస్తే ప్రీమియం దండగ, వచ్చేది కట్టుబడి ఖర్చే. తక్కువకు రాస్తే ఆ మొత్తం దగ్గరే ఆగిపోతారు. ఏడాదికి మించిన పాలసీ అయితే బీమా మొత్తం ఏటా 10 శాతం దానంతట అదే పెరుగుతుంది. సిమెంటు, ఇనుము ధరలు చూస్తే ఇది చిన్న విషయం కాదు.

సామాన్లకు ఇంటి మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, విడిగా అడగకుండానే వస్తుంది. పైన చెప్పిన 18 లక్షల ఇంటికైతే 3 లక్షల 60 వేలు. అది సొంతదారు ఇచ్చిన గీజరు, ఫ్యాన్లు, బీరువాల వంటివాటికి మాత్రమే. బాడుగకున్నవాళ్ల టీవీ, బట్టలు, పిల్లల పుస్తకాలు వాళ్ల పాలసీలోనే ఉండాలి. ఈ మాట బాడుగ ఇచ్చేరోజు ఎవరూ చెప్పరు.

అసలు దెబ్బ పాలసీ షెడ్యూలులో, అంటే వివరాల పట్టికలో, ఒక గడి దగ్గర పడుతుంది. ఇంట్లో ఎవరుంటున్నారో చెప్పే ‘ఆక్యుపెన్సీ’ అనే ఆ గడిలో ‘సెల్ఫ్ ఆక్యుపైడ్’, అంటే సొంతదారే ఉంటున్నారు అని ఉంటుంది. ఇల్లు కట్టినప్పుడు లోనుతో పాటు బ్యాంకు రాయించిన పాలసీ అది. తర్వాత సొంతదారు హైదరాబాదుకో బెంగళూరుకో మారి ఇల్లు బాడుగకిస్తాడు, గడి మాత్రం మారదు. క్లెయిము వచ్చినరోజు మొదటి ప్రశ్న అక్కడే పుడుతుంది. అటువంటి పాలసీలో మొత్తం కూడా బాకీ మేరకే రాసి ఉండొచ్చు, లోను తీరితే పాలసీ కూడా ఆగిపోయి ఉండొచ్చు. తాళం చెవి చేతికిచ్చే ముందే ‘ఇల్లు బాడుగకు ఇస్తున్నాం’ అని కంపెనీకి రాసి, పాలసీలో ఆ మార్పు నమోదైనట్టు ఇచ్చే ఎండార్స్‌మెంటు కాగితం తెప్పించుకోవాలి. ఇల్లు నెలకు మించి ఖాళీగా ఉంటే అదీ తెలపాలి. కింద టైలరింగు షాపో టిఫిను సెంటరో పెట్టిస్తే ఇది నివాస పాలసీగా చెల్లదు, వ్యాపారానికి వేరే పాలసీ తీసుకోవాలి.

గ్యాసు సంగతి ఇంకొకటి. సిలిండరు పేలితే చమురు కంపెనీల బీమా ఆస్తినష్టానికి 2 లక్షల వరకు ఇస్తుంది కానీ, కనెక్షను నమోదైన అడ్రసులో జరిగితేనే. బాడుగకు వచ్చినవాళ్ల కనెక్షను పాత ఊరి అడ్రసులోనే ఉంటే ఆ డబ్బు రాదు. అగ్రిమెంటు రాసేటప్పుడే అడ్రసు మార్పించాలి.

రానివి కూడా చెప్పాలి. మిద్దె ఉరవడం, గోడ చెమ్మ, పాతబడిన వైర్లు, బాడుగ ఎగ్గొట్టడం, వీటికి రాదు. దొంగతనం విడిగా రాయించాలి. వరద వంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల లోపల, దాని వల్లే దొంగతనం జరిగితేనే ఈ పాలసీలో వస్తుంది. షార్ట్ సర్క్యూట్‌తో మోటారు ఒక్కటే కాలిపోతే మోటారుకు రాదు, ఆ మంట ఇంటికి అంటుకుంటే ఇంటికి వస్తుంది.

ఇవన్నీ సొంతదారు చేసుకోవాల్సినవి. మీ చేతిలో ఉన్నవి వేరే.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా మీద జీఎస్టీ ఎత్తేశారు. ఇంటి బీమా మీద 18 శాతం అట్లాగే ఉంది. వెయ్యి ప్రీమియానికి 180 అదనం. ఆ 180లో సగం రాష్ట్రానికి వచ్చేదే, వదులుకోవడం తేలిక కాదని తెలుసు. అన్ని ఇళ్లకూ సాధ్యం కాకపోతే, కట్టుబడి విలువ 25 లక్షల లోపు ఉన్న ఇళ్లకైనా ఎత్తేయమని జీఎస్టీ కౌన్సిలులో అడగండి. ఇల్లు మునిగితే మొదట సాయం చేయాల్సింది రాష్ట్రమే కదా.

రెండో కోరికకు పెద్ద ఖర్చు లేదు. కార్పెట్ ఏరియా, ఈనాటి కట్టుబడి ధర రాసిన ఒక్క పేజీ పత్రం వార్డు సచివాలయం నుంచి తెలుగులో ఇప్పించండి. ఆస్తి పన్ను లెక్క కోసం ఇంటి కొలతలు ఎట్లాగూ మున్సిపాలిటీ దగ్గర ఉంటాయి. వరద వచ్చాక రెవెన్యూవాళ్లు తీసే ఇంటి నష్టం లెక్క, ఫోటోలు, నీటిమట్టం, తేదీతో సహా సొంతదారుకు ధ్రువీకరించిన నకలుగా అందాలి. బీమా నష్టం లెక్కగట్టే సర్వేయరు వచ్చేసరికి బురద కడిగేసి ఉంటుంది, గోడ మీది నీటి గీత ఒక్కటే మిగులుతుంది. సున్నం కొడితే అదీ పోతుంది. అప్పుడు ఆ నకలే సాక్ష్యం.

కంపెనీ కాదన్నా, నెల దాటినా జవాబివ్వకపోయినా హైదరాబాదులో బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, వకీలు అక్కరలేదు. ఆ సంగతి, బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల నంబరు 155255 ప్రతి వార్డు సచివాలయం గోడ మీద రాయించండి. మన దగ్గర పెద్ద నీళ్లు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. ఆ లోపల ఈ పత్రాలు అందేట్టు చూడమని మనవి.

ఇట్లు,
బాడుగ ఇళ్ల బీమా పని చేసే మేము,
అనంతపురం