మా బైబిలు స్త్రీల పేజీలకు చేయి వేసిన వారందరికీ వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. శ్రమల దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో, మేం మొదలుపెట్టిన బైబిల్ జర్నలింగ్‌ను (బైబిలు పేజీల్లోనే అక్కడి స్త్రీల కథలకు బొమ్మలు గీసి, మాటలు రాసుకోవడం) మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతటికీ చూపించగలిగాం. బొమ్మలు బాగున్నాయని చాలామంది నన్ను మెచ్చుకున్నారు. నిజానికి ఆ మెప్పు చెందవలసినవారు వేరే ఉన్నారు. తమ పేర్లు రాయవద్దని వారు కోరారు కాబట్టి వారు చేసిన మేలే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా బైండింగ్ చాచా గారికి. తెలుగు బైబిలు కాగితం ఎంత పల్చనో చేతిలోకి తీసుకున్న వారందరికీ తెలుసు. జెల్ పెన్ను పెడితే వెనక పేజీలో తేలుతుంది, నీటి రంగు వేస్తే కాగితం ముడుచుకుపోతుంది. రెండు వరుసల అచ్చు కావడంతో అంచున నాలుగు మాటలు రాసుకునే చోటు కూడా దొరకదు. చాచా గారు మా పాత బైబిలు కుట్టు విప్పి, మేం గుర్తు పెట్టిన అధ్యాయాల దగ్గర మందపాటి డ్రాయింగ్ కాగితాలు చేర్చి, మళ్లీ దారంతో కుట్టి, గుడ్డ అట్ట వేసి ఇచ్చారు. ఆ గ్రంథాన్ని ముట్టుకునే ముందు ప్రతిసారీ చేతులు కడుక్కునేవారు. బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి, దాని మీదే పెట్టేవారు. కూలి తీసుకున్నారు గానీ కాగితానికి డబ్బు ఎంత చెప్పినా తీసుకోలేదు. చాచా గారూ, మీ రంజాను ప్రార్థనల్లో మా పిల్లలను కూడా తలుచుకున్నానని చెప్పారు. మా ప్రార్థనల్లో మీరు ఎప్పుడూ ఉంటారు.

నర్సమ్మ గారికి ఎన్ని వందనాలు చెప్పినా తక్కువే. ఆవిడ లంక గ్రామాలకు పడవ మీద వెళ్లి కాన్పులు చేసిన మనిషి. నిర్గమకాండము మొదటి అధ్యాయంలో షిఫ్రా, పూయా అనే మంత్రసానులను ఎలా గీస్తే బాగుంటుందని అడిగాను. ఆవిడ తువ్వాలు చుట్టి పసిబిడ్డలా చేశారు. ఒక అరచేయి మెడ కిందికి పోనిచ్చి, రెండో చేతి వేళ్లు విప్పి నడుము కింద పెట్టారు. "తడిగా ఉంటాడు, జారిపోతాడు. గట్టిగా పట్టకూడదు, వదలకూడదు. ఆ చేతులు గీయమ్మా, ముఖాలతో పనేముంది" అన్నారు. తరువాత కళ్లజోడు పెట్టుకుని ఆ అధ్యాయం చదివారు. కాన్పు పీట మీద హెబ్రీ మగబిడ్డ కనబడితే చంపమని ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఆజ్ఞ ఇచ్చింది ఇలాంటి చేతులకే. వారు దేవునికి భయపడి పిల్లలను బతకనిచ్చారు. అంత పెద్ద రాజు పేరు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు, ఈ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అది మాకు చూపించింది కూడా ఆవిడే. అందుకే ఆ పేజీలో నాలుగు చేతులు, వాటి కింద పెద్ద అక్షరాలతో రెండు పేర్లు, అంతే ఉంచాం.

సెలోపెహాదు కుమార్తెల పేజీకి మా లాయరక్క తోడయ్యారు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రికి కొడుకులు లేరు కాబట్టి ఆయన స్వాస్థ్యం, అంటే వారసత్వ భూమి, మాకివ్వాలని సమాజమంతా చూస్తుండగా మోషే ఎదుట నిలబడి అడిగిన అయిదుగురు అక్కచెల్లెళ్లు. వారు అడిగినది న్యాయమేనని దేవుడు చెప్పిన మాట సంఖ్యాకాండము 27లో ఉంది. 36వ అధ్యాయంలో తమ గోత్రంలోనే పెళ్లాడాలన్న షరతు వచ్చింది కదా, అది కూడా రాయాలని అక్క పట్టుబట్టారు. గెలిచినంత వరకే గీసి వదిలేయకూడదన్నది ఆవిడ మాట. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మన క్రైస్తవ కుటుంబాల్లో కూతురికీ కొడుకుకూ సమాన వాటా ఉందని కూడా ఆ రోజే సండే స్కూలు ఆడపిల్లలకు ఓపికగా వివరించారు. ఆ వాటాను నోరు తెరిచి అడగలేక ఊరుకున్న తల్లులు మా సంఘంలో ఎంతమంది ఉన్నారో! అక్కా, ఆ మాట పిల్లల చెవిన వేసినందుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

నరసాపురం పెద్దమ్మ తబితా పేజీకి తెల్ల లేసు అల్లి పంపించారు. తబితా చనిపోయాక అపొస్తలుడైన పేతురు యొప్పే పట్టణానికి వచ్చినప్పుడు, తమతో ఉండగా ఆమె కుట్టిన బట్టలను విధవరాండ్రు ఏడుస్తూ చూపించారు కదా. మా గోదావరి తీరంలో మిషనరీల కాలం నుంచి ఆడవాళ్లు లేసు అల్లి ఇల్లు గడుపుకుంటున్నారు. పెద్దమ్మకు చూపు తగ్గింది. అయినా ఆ సన్న కొక్కెం సూదితో వేలి మందం అంచు మొత్తం అల్లారు. పెద్దమ్మా, ఇక్కడ అందరూ ముందు మీ లేసునే తాకి చూశారు.

రిస్పా పేజీ గురించి ఎక్కువ రాయను. సౌలు రాజు ఉపపత్ని అయిన ఆమె ఇద్దరు కొడుకులనూ గిబియోనీయులు ఉరితీశారు. 2 సమూయేలు 21లో ఆమె మాట ఒక్కటీ లేదు. యవల కోత మొదలైనప్పటి నుంచి వాన కురిసేదాకా బండ మీద గోనెపట్ట పరుచుకుని, పగలు పక్షులనూ రాత్రి మృగాలనూ తోలుతూ ఆ దేహాలకు కాపలా కాసింది. అది విన్న తరువాతే దావీదు రాజు ఎముకలను పోగుచేయించి పాతిపెట్టించాడు. ఈ పేజీ నేను చేస్తానని, రోడ్డు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న మా సంఘంలోని ఒక తల్లి ముందుకొచ్చారు. గోనె ముక్క ఒకటి కత్తిరించి అంటించారు. రంగు వేయలేదు, వచనం రాయలేదు. గోనె నూలు ఊడిపోకుండా అంచులు మాత్రం కుట్టారు. వదినా, మీరు ఆ మధ్యాహ్నం మాతో కూర్చున్నందుకు మేమంతా మీకు రుణపడి ఉన్నాం.

రంగు పెన్సిళ్లు కొనిపెట్టిన యువజనులకు, కూడిక గది తాళం మాకు వదిలి వెళ్లిన పాస్టరమ్మ గారికి, ప్రతి శనివారం టీ కాచి పంపిన ఎదురింటి పిన్నిగారికి హృదయపూర్వక వందనాలు.

హుల్దా పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. దేవాలయంలో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథం గురించి యెహోవా దగ్గర విచారణ చేయమని యోషీయా రాజు పంపితే, ప్రధాన యాజకుడే వెళ్లి ఈ ప్రవక్త్రిని అడిగాడు. పాత గ్రంథాలను, తాళపత్రాలను చేతితో పట్టుకుని పనిచేసిన లైబ్రేరియన్ అక్కలు, అమ్మలు ఎవరైనా ఉంటే వచ్చే శనివారం మధ్యాహ్నం కూడిక గదికి రండి. కాగితం, రంగులు మా దగ్గర ఉన్నాయి.