యోగా అంటే పొట్ట తగ్గించుకోవడమేనా?

విజయవాడలో యోగా రానురాను ఫొటోల కసరత్తుగా మారుతోంది. మొన్న జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, మా కాలనీ పార్కులో శవాసనం వేయిస్తుంటే, నా పక్కాయన పడుకున్నచోటే ఫోన్ పైకెత్తి సెల్ఫీ దిగాడు. మైకులో మాస్టారు పొట్ట, షుగర్ గురించి చెప్పారే గానీ మనసు ఊసే ఎత్తలేదు. యోగమంటే చిత్తవృత్తులను నిరోధించడమని, అంటే మనసులో పరుగెత్తే ఆలోచనలను ఆపడమని, యోగసూత్రాలు రాసిన పతంజలి రెండో సూత్రంలోనే చెప్పాడు. ఆసనానికి ఆయన కేటాయించినవి మూడే సూత్రాలు. అదీ స్థిరంగా, సుఖంగా కూర్చోవడం గురించి. అహింస, సత్యం లాంటి యమ నియమాలు, అంటే నడవడికకు సంబంధించిన కట్టుబాట్లు, ఆసనం కంటే ముందే ఉన్నాయి (చాప కొన్నంత తేలిగ్గా అవి రావనుకోండి). పార్కుల్లో జరిగే యోగా తరగతుల్లో చివరి పావుగంట మైకు ఆపి, ఫోన్లు పక్కన పెట్టించి, అందరినీ ఊరికే కూర్చోబెట్టాలి. వారానికో నియమాన్ని వాడుక తెలుగులో వివరించాలి.

– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ